తిరగేసి చూడని పెట్టె

ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌ను మొదటిసారి చేతుల్లోకి తీసుకున్నప్పుడు ఇంత చిన్నదా అనిపించింది. అల్యూమినియం రేకు పెట్టె. మా నాయనమ్మ తాంబూలపు పెట్టె అంత ఉంటుంది, బరువు అందులో సగం కూడా ఉండదు. ఒక పక్క వైర్ల కట్టలు తగిలించడానికి మూడు నోళ్ళు, మూలల్లో నాలుగు స్క్రూలు. కారులో ముందు సీటులో కూర్చున్నవాళ్ళ పాదాల దగ్గర, తివాచీ కింద ఉంటుంది. ఎంత పెట్రోలు చిమ్మాలో, నిప్పురవ్వ ఏ క్షణాన పుట్టాలో సెకనుకు వందసార్లకు పైగా తేల్చి చెబుతుంది. తొంభైల చివరి సంవత్సరాల్లో జూబ్లీ హిల్స్ రోడ్ల మీద అలాంటి పెట్టెలున్న విదేశీ కార్లు కొన్ని తిరిగేవి. వాటి మూత విప్పి, లోపలి అంకెలు మార్చి, మళ్ళీ బిగించిన మనిషి ఆ చుట్టుపక్కల నాకు తెలిసి నేనొక్కణ్ణే. ఈ మాట గొప్పకే చెబుతున్నాను. గొప్పగా చెప్పుకోవడానికి మాకు మిగిలినవి ఎక్కువ లేవు.

మాది కృష్ణా జిల్లాలో ఒకప్పుడు ఎస్టేటు ఉన్న కుటుంబం. తాతగారి కాలంలో భూములు పోయాయి. మిగిలినదాన్ని నాన్నగారు సినిమాల్లో పెట్టారు. నాలుగు సినిమాలు తీశారు, నాలుగూ రెండో వారం ఆడలేదు. నేను ఉద్యోగం వెతుక్కునే వయసుకు వచ్చేసరికి ఇంటి పేరు తప్ప ఏమీ లేదు. ఎలక్ట్రానిక్స్ చదివాను. ఫిల్మ్ నగర్‌లో ఒక ప్రొడక్షన్ ఆఫీసు మేడ మీద రెండు గదుల్లో ఉండేవాణ్ణి. థియేటర్ల ముందు హీరోల కటౌట్ల చుట్టూ రంగు దీపాలు పరుగెడతాయి చూడండి, అవి ఏ వరసలో వెలగాలో, ఎప్పుడు ఆరాలో చిన్న చిప్పులో రాసి ఇవ్వడం నా పని. ఏం చేస్తుంటారని ఎవరైనా అడిగితే "ఎలక్ట్రానిక్స్" అని ఊరుకునేవాణ్ణి. ఇస్త్రీ చొక్కా లేకుండా మేడ దిగింది లేదు. ఎవరినీ ఏకవచనంలో పిలిచింది లేదు, నన్నెవరైనా అలా పిలిస్తే పలికిందీ లేదు.

నన్ను కార్ల దాకా తీసుకొచ్చింది మా కింది వీధిలోని మెకానిక్. బోరబండ మనిషి, నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. ఫిల్మ్ నగర్ కొండ దిగువన ఆయనకో రేకుల షెడ్డు ఉండేది. ఇంజన్ శబ్దం విని రోగం చెప్పగలరు గాని వైర్లంటే ఆయనకు చిరాకు. నేను "మేస్త్రి గారూ" అని పిలిస్తే ఆయన నన్ను "దొరా" అనేవారు. ఆ పిలుపులో మర్యాద ఎంతో, వెటకారం ఎంతో నాకు ఎప్పుడూ తేలలేదు.

ఒక గురువారం మధ్యాహ్నం మేడ కింద నిలబడి కేకేశారు.

"దొరా, జర కిందికి రారాదు. ఒక కారు సచ్చిపోయింది. ఇంజన్ మంచిగనే ఉంది, దాని దిమాగే కరాబైంది."

కారు జపాన్‌లో తయారైనది. చిన్నది, ఎర్రది, రెండే తలుపులు. ఒక నిర్మాత కొడుకు తెప్పించుకుని పెద్ద గాలి ఫిల్టరు, లావుపాటి సైలెన్సర్ గొట్టం పెట్టించుకున్నాడు. ఇంజన్ మరింత వేగంగా తిరగడానికి క్యామ్ షాఫ్టు కూడా మార్పించాడు. బ్యాటరీ దిగిపోయిన రోజు ఇంకో కారు నుంచి కరెంటు ఇవ్వబోయి ప్లస్సు, మైనస్సు తారుమారు చేశాడు. కంప్యూటర్ మాడిపోయింది. దాంతో కొడుకు మోజు తీరింది. తండ్రి మాత్రం కొన్న కారు ఊరికే పోనివ్వడమెందుకని తాను తీస్తున్న సినిమాలో దానికొక వేషం ఇచ్చాడు.

షెడ్డులో కారు పక్కన ఇంకొకతను చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అతను డూప్. గుడివాడ వైపు మనిషి. పన్నెండేళ్ళుగా హీరోల చొక్కాలు తొడుక్కుని, వాళ్ళ బదులు కార్లు నడుపుతున్నాడు. ఒక్క సినిమాలోనూ అతని ముఖం కనిపించదు. ఫైట్ మాస్టర్ ఈసారి అతనికి ఒక మాట ఇచ్చారు. ఎర్ర కారు కొండ రోడ్డు మీద రివ్వున ఎక్కి, పై మలుపులో అడ్డంగా జారి, కెమెరా ముందు ఆగాలి. ఆ షాట్ బాగా వస్తే ఇకమీదట ఆ మాస్టర్ చేసే సినిమాలన్నిటిలో కార్ల షాట్లు అతనివే. ఇంకొకరి చొక్కాలో కూర్చుని నడపడం కాదు, ఎవరు ఎలా నడపాలో అతనే చెబుతాడు. బాగా రాకపోతే ఆ పనికి మద్రాసు నుంచి మనిషి వస్తాడు.

"వచ్చే గురువారం పొద్దున రోడ్డు మూయిస్తారండి," అన్నాడతను. "సరిగ్గా వారం ఉంది. అవుతుందంటారా సార్?"

"అవుతుంది," అన్నాను. ఆ పెట్టెలో ఏముంటుందో అప్పటికి నాకు తెలియదు. కానీ అడిగిన మనిషి ముఖంలో ఆశ చూశాక తెలియదని చెప్పడం మా ఇంటా వంటా లేదు.

శనివారం పాతబస్తీలో విడిభాగాలు అమ్మే వీధికి వెళ్ళాను. విదేశాల నుంచి ఓడల్లో వచ్చిన ఇంజన్లు, గేరు బాక్సులు, వైర్ల కట్టలు కొట్ల ముందు గుట్టలుగా ఉండేవి. నాలుగో కొట్టులో గడ్డం నెరిసిన ఒక పెద్దాయన కారు పేరు విని లోపల్నుంచి ఒక పెట్టె తెచ్చారు. రసీదు మీద రాయడానికి నా పేరడిగారు. చెప్పాను. ఇంటి పేరు వినగానే కలం పక్కన పెట్టేశారు.

"మీ తాత గారి బండ్లకు మా అబ్బాజాన్ టైర్లు పంపించెటోడు సాబ్. మద్రాసుకెల్లి రైల్ల తెప్పించి మరీ. మీ దగ్గర పైసలు తీస్కుంటే ఆయన నన్ను మాఫ్ చెయ్యడు." పెట్టెను రెండు చేతులా అందిస్తూ, "కింద అన్నీ రాసున్నయి, ఒకసారి చూస్కోండి," అన్నారు.

"అక్కర్లేదు. మీ మాట చాలు," అన్నాను.

అది మా ఇంటి పద్ధతి. ఎవరైనా ఏదైనా ఇస్తే రెండు చేతులా అందుకోవాలి. ఇచ్చినవాళ్ళ ఎదుట దాన్ని తిరగేసి చూడకూడదు. గిన్నె అడుగున ముద్ర ఉందా, పట్టుబట్టకు జరీ వెనక ఎలా ఉంది అని చూడటం లేకితనమని మా నాయనమ్మ చెప్పేది. ఇంటికి వెళ్ళాక చూసుకోవచ్చు కదా అంటారు. నిజమే. కానీ చిన్నప్పటి నుంచి చెయ్యి తిరగెయ్యడం నేర్చుకోకపోతే ఇంటికి వెళ్ళాక మాత్రం ఎలా తిరగేస్తుంది? షెడ్డుకు తెచ్చి పై మూత విప్పాను, లోపల చూశాను, అంతే.

లోపల చూసి, మూతను పక్కన పెట్టి ఇంకా దగ్గరికి వంగాను. ఆకుపచ్చ పలక మధ్యలో, ఇరవై ఎనిమిది కాళ్ళతో, నడినెత్తిన చిన్న గాజు కిటికీతో ఉన్న చిప్పు. కటౌట్ల దీపాల కోసం నేను రోజూ రాసే చిప్పు అదే రకం. జపాన్ ఇంజనీర్లు ఇంజన్ తెలివంతా దాచింది, నేను హీరో కిరీటం చుట్టూ ఎర్ర బల్బులు తిప్పేదీ ఒకే వస్తువులో. ఆ చిప్పులను చదివే, రాసే యంత్రం నా గదిలోనే ఉంది. ఆ క్షణాన నాకు కలిగిన సంతోషం చెబితే చిన్నపిల్లవాడి మాటలా ఉంటుంది. చిప్పును జాగ్రత్తగా ఊడదీసి, ఆ చోట తీసి పెట్టుకోవడానికి వీలుండే సాకెట్టు అతికి, చిప్పును జేబు రుమాలులో చుట్టుకుని మేడ మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను. మెట్లు అలా ఎక్కడం నాకు అలవాటు లేదు.

చిప్పులో ముప్పై వేలకు పైగా అంకెలున్నాయి. అన్నీ కాగితం మీద అచ్చు వేసి రెండు గదుల నేల మీదా పరిచాను. మొదట అంతా ఇసుకలా ఉంది. ఆదివారం పొద్దున కిటికీలోంచి వెలుతురు ఏటవాలుగా పడుతున్నప్పుడు, మంచం పక్కనున్న కాగితం మీద అంకెలు మెట్లలా పెరుగుతూ పోవడం కనిపించింది. ఎడమ నుంచి కుడికి పెరుగుతున్నాయి, పై నుంచి కిందికి పెరుగుతున్నాయి. ఇంజన్ వేగం ఒకవైపు, గాలి బరువు ఇంకోవైపు. పెట్రోలు పట్టిక అదే. దాని కింద ఇంకొకటి, కాస్త వంపుగా. అది నిప్పురవ్వ పట్టిక. మోకాళ్ళ మీద కూర్చుని ఆ వరసల మీద వేలు పెట్టి నడిపాను. కారు కొండ ఎక్కుతున్నట్టే ఉంది.

వాటిని మార్చక తప్పదు. జపాన్ పెట్రోలు మేలైనది. మన బంకుల్లో పోసేది దాని ముందు ఆగదు, నిప్పు తగలాల్సిన దానికంటే ముందే అక్కడక్కడ పేలుతుంది. పైగా కొత్త క్యామ్ షాఫ్టుకు ఇంకాస్త పెట్రోలు కావాలి. అంకెలు మార్చి కొత్తగా రాయాలంటే ముందు చిప్పులో ఉన్నది చెరపాలి. ఆ గాజు కిటికీ మీద అతినీలలోహిత కాంతి ఇరవై నిమిషాలు పడితే చిప్పు ఖాళీ అవుతుంది. అందుకు వాడే దీపం నా దగ్గర లేదు. కటౌట్ల చిప్పులైనా మరేవైనా చెరపడానికి నేను వెళ్ళేది పక్క వీధిలో ఉన్న మేకప్ మ్యాన్ దగ్గరికే. దువ్వెనలు, బ్రష్షులు శుభ్రపరచడానికి ఆయన దగ్గర నీలం వెలుగు పెట్టె ఒకటి ఉండేది.

"మళ్ళీ తెచ్చారా మీ జెర్రిని," అన్నాడాయన హీరోయిన్ దువ్వెనలు ఒక పక్కకు జరుపుతూ. "దువ్వెనలోంచి పేలు పోతాయి. దీంట్లోంచి ఏం పోతాయండీ?"

"అంకెలు."

"అంకెలకి కూడా పేలుంటాయన్నమాట," అని తలుపు మూశాడు.

సోమవారం కారుకు ప్రాణం వచ్చింది. తాళం తిప్పగానే ఒక్క దగ్గు దగ్గి నిలకడగా పాడింది. మేస్త్రి గారు బానెట్ మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నారు. నేను ముందే ఒక ఏర్పాటు చేసుకున్నాను. రాగి గొట్టం ఒక కొసను సుత్తితో అణిచి ఇంజన్‌కు బోల్టు వేయించాను. రెండో కొసకు రబ్బరు గొట్టం, దాని చివర డాక్టర్లు పెట్టుకునే స్టెతస్కోపు. పెట్రోలు ముందుగా పేలితే రేకు మీద శనగలు పోసినట్టు చెవిలో వినిపిస్తుంది. అలా నేను చెవులకు గొట్టాలు తగిలించుకుని ముందు సీటులో నిటారుగా కూర్చున్నాను. డూప్ స్టీరింగ్ ముందు, మేస్త్రి గారు వెనక సీటులో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని.

"ఆస్పత్రికి పోతున్నట్టుంది," అన్నారు మేస్త్రి గారు.

కారు కొండ మొదట్లోంచి దూకింది. వీపు సీటుకు అతుక్కుపోయింది. రెండో గేరులో ఇంజన్ వేగం చూపే ముల్లు మూడు వేలు దాటింది, నాలుగు వేలు దాటింది. అప్పుడు ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకుని గుంజినట్టయింది. నాలుగున్నర వేల దగ్గర ఇంజన్ ఊపిరి బిగపట్టింది. వదిలింది, మళ్ళీ బిగపట్టింది. ముగ్గురం ముందుకీ వెనక్కీ తల ఊపుతూ మలుపు దాకా పోయాం.

షాట్‌కు అది చాలదు. మూడో గేరు వేసేంత దూరం ఆ రోడ్డుకు లేదు. రెండో గేరులోనే ఆరు వేలు దాటించి, ఆ వేగంతో మలుపులోకి వెళ్ళి హ్యాండ్ బ్రేకు లాగితేనే కారు అడ్డంగా తిరుగుతుంది. మలుపు మధ్యలో ఇంజన్ ఆగిందంటే కారు తిన్నగా పోతుంది. తిన్నగా పోతే అక్కడ ఏనుగంత రాతి బండ ఉంది.

ఆ సాయంత్రం, మంగళవారం మొత్తం, మేము వెతకనిది లేదు. మేస్త్రి గారు పెట్రోలు ఫిల్టరు మార్చారు, పంపు మార్చారు, స్పార్క్ ప్లగ్గులు విప్పి రంగు చూసి మళ్ళీ బిగించారు. నేను అంకెల్లో వెతికాను. ఇంజన్ ఇంతకు మించి తిరగకూడదు అనే హద్దు ఎక్కడో ఉంటుంది కదా అని అనుమానం వచ్చిన ప్రతి అంకెనూ పెంచాను. నీలం పెట్టెకు ఐదుసార్లు నడిచాను. ఏం చేసినా నాలుగున్నర వేల దగ్గర అదే గుంజుడు.

మంగళవారం పొద్దుగూకే ముందు డూప్ నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అన్నాడు.

"సార్, మీరేం అనుకోకండి. ఇలాగే ఉన్నా ఫరవాలేదు. కింద నుంచి ఇంకొంచెం ఊపు తెచ్చుకుంటాను. ఆ బండ సంగతి నేను చూసుకుంటాలెండి."

"అలా చెయ్యడానికి వీల్లేదు," అన్నాను.

"మాస్టర్ గారికి కుదరదని చెబితే ఇంకోసారి అడగరండి."

అతను బండను ఎలా చూసుకుంటాడో అతనికీ తెలియదు. నా మాట నమ్మి ఐదు రోజులు ఆగాడు. నేనుగాక ఇంకెవరినైనా అడిగి ఉంటే ఈపాటికి కుదరదని తేలేది, మాస్టర్ షాట్ మార్చుకునేవారు. ఆ మాట అతను అనలేదు.

బుధవారం పొద్దున మేస్త్రి గారు టీ గ్లాసు పట్టుకుని కారు తలుపు దగ్గర చతికిలబడ్డారు. తివాచీ పక్కకు లాగి కంప్యూటర్ వైపు చాలాసేపు చూశారు.

"దొరా, అంతా చూసినం. గీ డబ్బా ఏ బండిదో చూసిన్రా?"

"ఈ కారుదే."

"ఎవరు చెప్పిన్రు?"

"ఇచ్చినాయన."

"డబ్బా మీద ఏం రాసుంది?"

ఆయన గ్లాసు కింద పెట్టి, స్క్రూలు విప్పి, పెట్టెను బోర్లించారు. అడుగున తెల్ల చీటీ. జపాన్ అక్షరాలు, ఒక పొడవైన నంబరు, చివర రెండు ఇంగ్లీషు అక్షరాలు: ఏ, టి. డూప్ వెళ్ళి మూలన పడేసిన మాడిపోయిన పెట్టె తెచ్చాడు. దాని అడుగున అదే నంబరు, చివర మాత్రం ఎం, టి.

కారు ఒకటే. ఇంజన్ ఒకటే. కానీ నేను తెచ్చింది గేర్లు వాటంతట అవే పడే కారు కంప్యూటర్. మనది చేత్తో గేర్లు వేసే కారు. ఇప్పుడు ఫలానా గేరులో ఉన్నామని గేరు బాక్సు నుంచి కబురు వస్తుందని ఆ కంప్యూటర్ ఎదురు చూస్తోంది. కబురు రాకపోయేసరికి కారు ఇంకా ఇంటి గేటు ముందే నిలిపి ఉందనుకుంటోంది. నిలబెట్టిన కారులో ఇంజన్‌ను అంత అరిపించడమెందుకని నాలుగున్నర వేల దగ్గర గొంతు నొక్కుతోంది. మేము కొండ ఎక్కుతున్నామని దానికి తెలియదు.

"ఆ సాబ్ మోసం చేసిండా?" అన్నారు మేస్త్రి గారు.

అవునని ఒక్క మాట అంటే సరిపోయేది. పాతబస్తీకి వెళ్ళి ఎవరూ అడగరు. డూప్ నా ముఖంలోకి చూస్తున్నాడు.

"లేదు. ఆయన చూసుకోమన్నారు. నేనే చూడలేదు."

"ఎందుకు చూడలే?"

"మా ఇంట్లో చూడం."

మేస్త్రి గారి భుజాలు కదలడం మొదలైంది. పాత టైరు మీద కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు.

"మా ఇంట్ల కుండ కొన్నా కొట్టి చూస్తం దొరా. ఆడపిల్ల కొట్టి చూస్తది, ముసల్ది కొట్టి చూస్తది, ఆఖరికి నేను కొట్టి చూస్త. మీరు మోటర్ దిమాగ్ తెచ్చి చూడకుంట పెట్టిన్రు."

డూప్ నవ్వలేదు. "ఇంకో పెట్టె దొరుకుతుందా సార్?" అన్నాడు.

"నాలుగు కొట్లు తిరిగితే ఇదొక్కటే దొరికింది. ఇవాళ్టికి ఇంకొకటి దొరకదు."

నాకు సిగ్గు వేయాలి. వేసింది కూడా. కానీ నిజం చెప్పాలంటే ఆ సిగ్గు కింద నుంచి ఇంకొకటి ఉబికి వస్తోంది. రెండు రోజులుగా గోడకు తల కొట్టుకున్నాను, ఇప్పుడు ఆ గోడ ఎక్కడుందో తెలిసింది. రెండు పెట్టెల మూతలూ విప్పి పలకలు పక్కపక్కన పెట్టాను. పలక ఒకటే, ఒకే అచ్చు. గేర్లు వాటంతట అవే పడే పెట్టెలో కొన్ని భాగాలు ఎక్కువ. రెండో దాంట్లో ఆ చోట్లు ఖాళీగా ఉన్నాయి. అంటే కార్ఖానాలో ఒకే పలక చేసి, ఏ భాగం పెట్టారు, ఏది మానేశారు అన్నదాన్ని బట్టి అది ఏ కారుదో చెబుతున్నారన్నమాట. భూతద్దంతో ఒక్కొక్క గీతనూ పట్టుకుని పోయాను. ఎక్కువున్న భాగాల్లో దాదాపు అన్నీ వైర్ల నోటి వైపే పోతున్నాయి. అవి ఊరికే కూర్చున్నా నష్టం లేదు. ఒక్కటి మాత్రం లోపలికి, నేరుగా పెద్ద చిప్పు కాలి దగ్గరికి పోతోంది. ఆవగింజ కంటే కాస్త పెద్ద రెసిస్టరు. మాడిపోయిన పలకలో సరిగ్గా ఆ చోట ఏమీ లేదు.

"ఇదే," అన్నాను. "ఇది తీసేస్తే చేత్తో గేర్లు వేసే కారని దానికి తెలుస్తుంది."

"ఇది కాకపోతే?" అన్నాడు డూప్.

"కాకపోతే తిరిగి పెడతాను. ఒక కాలు మాత్రమే లేపుతాను. కానీ వేడి ఎక్కువైతే కింది రాగి గీత ఊడి వస్తుంది. అప్పుడు పెట్టె లేదు, షాట్ లేదు. నిర్ణయం మీది."

అతను రెండు పలకల మీదికీ వంగి చూశాడు. అతనికి అందులో ఏం అర్థమైందో నాకు తెలియదు. "లేపండి సార్," అన్నాడు.

చొక్కా చేతులు మడిచాను. అంతకు ముందు ఆ షెడ్డులో మడిచిన గుర్తు లేదు. సోల్డరింగ్ ఐరన్ కొస తడి గుడ్డకు తుడిచి, ఆనించి, మూడు లెక్కపెట్టి, పట్టకారుతో మెల్లగా లేపాను. కాలు పైకి వచ్చింది. గీత పలక మీదే ఉంది. మేస్త్రి గారు అప్పటిదాకా బిగపట్టిన ఊపిరి నా చెవి పక్కనే వదిలారు. అందులో జర్దా వాసన.

పదిన్నరకు మళ్ళీ కొండ కింద ఉన్నాం. మూడు వేలు. నాలుగు వేలు. నా ఎడమ చెయ్యి తలుపు పిడిని పట్టుకుని ఉంది. నాలుగున్నర వేలు వచ్చింది, పోయింది. ఇంజన్ గొంతు మారింది. కొత్త క్యామ్ షాఫ్టు అప్పుడే నిద్ర లేచినట్టు, ఐదు వేల దగ్గర కారు రెండోసారి దూకింది. ఐదున్నర, ఆరు. ఇరువైపులా రాళ్ళు ఎర్రటి గీతలైపోయాయి. వెనక నుంచి మేస్త్రి గారు బోరబండ భాషలో ఎవరినో తిడుతున్నారు, సంతోషంతో. డూప్ పళ్ళు మొదటిసారి చూశాను. అప్పుడే నా చెవిలో రేకు మీద శనగలు పడ్డాయి.

"తగ్గించండి," అని అరిచాను. నేను అరవడం వాళ్ళు అంతకు ముందు విని ఉండరు.

ఆరు వేల దాకా మేము అంతకు ముందు వెళ్ళనే లేదు. అక్కడి అంకెలు ఇంకా సరిచూడలేదు. నిప్పురవ్వ రెండు డిగ్రీలు వెనక్కి, పెట్రోలు కాస్త ఎక్కువ. మేడ మెట్లు, చిప్పు, నీలం పెట్టె, ఇరవై నిమిషాలు, మళ్ళీ కొండ. శనగలు తగ్గాయి గాని పోలేదు. ఇంకో డిగ్రీ. మేకప్ మ్యాన్ మూడోసారి అడగకుండానే తలుపు తెరిచి దువ్వెనలు బయట పెట్టాడు. సాయంత్రం నాలుగు గంటలకు రెండో గేరులో ఆరున్నర వేల దాకా పోయాం. నా చెవిలో ఇంజన్ తప్ప ఏమీ లేదు. అంత శుభ్రమైన శబ్దం నేను మళ్ళీ వినలేదు. డూప్ మలుపులో హ్యాండ్ బ్రేకు లాగాడు. బండ మా అద్దం ముందు నుంచి కుడికి జరిగిపోయింది, రోడ్డు ఎడమ నుంచి వచ్చింది, కారు అడ్డంగా ఆగింది. దుమ్ము మమ్మల్ని దాటి ముందుకు పోయింది.

"ఇంకోసారి పోదామా సార్?" అన్నాడతను.

"పోదాం," అన్నాను. ఇంకో నాలుగుసార్లు పోయాం. ఆ నాలుగూ అవసరం లేదు.

గురువారం పొద్దున రోడ్డు రెండు వైపులా తాళ్ళు కట్టారు. రాళ్ళ మీద జనం. మలుపులో కెమెరా, దాని పక్కన కుర్చీలో ఫైట్ మాస్టర్, చేతిలో మైకు. డూప్ హీరో చొక్కా తొడుక్కుని కారులో కూర్చున్నాడు. కారు కొండ కింద ఉన్నంతసేపూ పైనున్న మాకు కనిపించదు, చప్పుడే వినిపిస్తుంది. మేస్త్రి గారు, నేను కెమెరా వెనక నిలబడ్డాం. ఎర్ర కారు కొండ అంచు మీదికి వచ్చింది. ఇంజన్ పైకి, పైకి పాడుతోంది. నేను మనసులో ముల్లు లెక్కపెడుతున్నాను. మలుపు, జారుడు, అడ్డంగా ఆగడం. జనం ఈలలు వేశారు.

కెమెరా అసిస్టెంటు మాత్రం తల పట్టుకుని నిలబడి ఉన్నాడు. జారుడు సగంలో ఫిల్మ్ అయిపోయింది.

మాస్టర్ ఆ కుర్రాణ్ణి ఏమన్నారో ఇక్కడ రాయను. తర్వాత కారు వైపు తిరిగి అన్నారు: "ఏరా, ఇంకోసారి అదే చేస్తావా? అదృష్టంకొద్దీ వచ్చిందా, తెలిసి చేశావా?"

"తెలిసే చేశానండి."

"అయితే ఆ గుర్తు మీదే ఆపు."

మొదటిసారి టైర్ల నల్లటి చారలు రోడ్డు మీద వంపు తిరిగి ఉన్నాయి. ఆ చారల మీదే ఆగాలంటే మలుపులోకి అదే వేగంతో రావాలి, ఇంజన్ ఒక్క క్షణం కూడా తడబడకూడదు. మేస్త్రి గారు నా మోచెయ్యి పట్టుకున్నారు. ఎవరైనా అలా పట్టుకుంటే నేను విడిపించుకుంటాను. ఆ రోజు విడిపించుకోలేదు. కారు వచ్చింది. రెండోసారి మొదటిదాని కంటే శబ్దం ఇంకా నిండుగా ఉంది, ఇంజన్ వేడెక్కి హుషారు మీద ఉంది. తిరిగింది. పాత చారల మీద కొత్త చారలు పడ్డాయి. పక్కనుంచి చూస్తే నాలుగు చక్రాలూ ఒక బెత్తెడు కూడా తేడా లేకుండా అక్కడే ఆగాయి.

మాస్టర్ లేచి వెళ్ళి చారలను చెప్పు కాలితో తాకి చూశారు. వంగి ఇంకోసారి చూశారు. డూప్ కారు దిగి, హీరో చొక్కా గుండీలు విప్పుతూ వచ్చాడు. తర్వాతి షాట్‌లో అదే కారు కిందికి దిగాలి, నడిపేది ఇంకో డూప్. మాస్టర్ మైకు తీసుకెళ్ళి ఇతని చేతిలో పెట్టారు.

"నువ్వు చెప్పు. నేను టీ తాగొస్తా."

అతను మైకును అటూ ఇటూ తిప్పి చూశాడు. మీట ఎక్కడుందో వెతుక్కున్నాడు. పన్నెండేళ్ళుగా ఇంకొకరు చెబితే విన్న మనిషి, ఏం చెప్పాలో తోచక గొంతు సవరించుకుంటే ఆ చప్పుడు కొండంతా వినిపించి జనం నవ్వారు. అతనూ నవ్వాడు. రోడ్డును కింది నుంచి మలుపు దాకా ఒకసారి కళ్ళతో కొలిచి, బండ వైపు చూసి, మైకు పెదవులకు దగ్గరగా పెట్టుకున్నాడు.

"కెమెరా వెనక ఉన్నవాళ్ళందరూ ఆ తాడు అవతలికి వెళ్ళాలండి. అందరూ."

మేస్త్రి గారు, నేను తాడు ఎత్తి అవతలికి వెళ్ళాం.